దూరం చాలలేదు

మా ఇంటి ముందు భాగంలో ప్రాంతీయ వర్షమాపన కార్యాలయం ఉంది. వెనుక భాగంలో నేను ఉంటాను. మా వైపు వాన అరుదు కాబట్టి దాన్ని కొలవడానికి ప్రభుత్వం ప్రత్యేక శ్రద్ధ తీసుకుంది. వాన బాగా పడే చోట అది పడిన సంగతి జనానికి తెలుస్తుందట. ఇక్కడ ఆఫీసు చెబితే తప్ప తెలియదట. ఈ మాట నాకు సూపరింటెండెంటు వీరనారాయణప్ప గారు వివరించారు.

పని జరిగే పద్ధతి ఇది. ఊరూరా వాన కొలిచే డబ్బా ఒకటి ఉంటుంది. వాన పడితే ఆ ఊరి మనిషి కొలిచి, చీటీ మీద రాసి, బస్సు కండక్టరు చేతికిస్తాడు. చీటీ మా ఊరి బస్టాండుకు వస్తుంది. అటెండరు ఖాసీంవలి సైకిలు మీద వెళ్ళి తెస్తాడు. కండక్టరు మరిచిపోతే ఆ వాన ఇంకో ఊరికి వెళ్ళిపోతుంది. ఒక్కోసారి వాన పడినట్టు ఆఫీసుకు తెలిసేలోపు పైరు ఎండిపోయి, కరువు నివేదిక కూడా పైకి వెళ్ళిపోయి ఉండేది. అప్పుడు వానను రద్దు చేసేవారు.

అలాంటి ఆఫీసుకు ఒక సర్వరు వచ్చింది. లెక్కలన్నీ అందులోనే ఉండాలట. దాన్ని పెట్టడానికి చల్లని గది కావాలన్నారు. మా ఇంట్లో చల్లని గది సామాన్ల గది ఒక్కటే. ఊరగాయ జాడీలు, చింతపండు బుట్ట నా మంచం కిందికి మార్చుకుని గది ఇచ్చాను. గోడకు ఏసీ బిగించారు. డెబ్బై దాటాక మా ఇంటికి ఏసీ వచ్చింది గానీ అది నా కోసం రాలేదు.

సర్వరును చూసుకునే ఉద్యోగి మంజువాణి. ఆమె భర్త చెన్నకేశవులు అదే ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. ఇద్దరూ మా మేడ మీద గదిలో అద్దెకు ఉండేవారు. పెళ్ళయిన ఆరేళ్ళూ ఆమె ఒక జిల్లాలో, అతను ఒక జిల్లాలో పనిచేశారు. ఎన్నో అర్జీల తర్వాత, భార్యాభర్తలన్న కారణం మీద ఇద్దరినీ ఒక చోటికి వేశారు. వచ్చిన రోజున ఇద్దరి సామాన్లలోనూ చెరొక చిన్న కుక్కరు ఉంది. ఆ సాయంత్రమే మంజు బజారుకు పోయి పెద్ద కుక్కరు ఒకటి కొనుక్కొచ్చింది.

"నాకు వేరే కోరిక ఏమీ లేదు పెద్దమ్మా," అంది నాతో. "రాత్రి పూట ఇద్దరం ఒకే గిన్నెలోది పెట్టుకోని తినాల. అంతే."

ఇది చాలా చిన్న కోరిక. చిన్న కోరికలను చూస్తే నాకు భయం వేస్తుంది. వాటికి ఎవరూ కాపలా ఉండరు.

ప్రాంతీయ అధికారి పరంధామయ్య గారు పై నుంచి వచ్చే ప్రతి కాగితాన్నీ లేచి నిలబడి చదువుతారు. జనవరిలో ఒక రోజు ఆయన హాలు మధ్యలో నిలబడి ఇలా చదవడం నా కిటికీలోంచి విన్నాను: "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, సర్వరు కలిగిన ప్రతి కార్యాలయమునందును మార్చి నెలాఖరులోగా దూర ప్రవేశ సేవ నెలకొల్పబడవలెను. నెలకొల్పబడని యెడల అందుకు బాధ్యులైన వారి పేరు వెంటనే పంపవలెను."

సేవ అంటే ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. పేరు పంపడం మాత్రం అందరికీ అర్థమయింది.

నాకు అర్థమయిందల్లా, ఎవరో దూరం నుంచి మా సామాన్ల గదిలోకి ప్రవేశిస్తారని. అక్షరాలు నేను బడిలో నేర్చుకోలేదు, కిరాణా కొట్టు పొట్లాల మీద నేర్చుకున్నాను. అందువల్ల ఏ మాటనైనా రాసి ఉన్నట్టే నమ్ముతాను. సాయంత్రం మంజు మేడ ఎక్కుతుంటే ఆపి అడిగాను, ఎవరెవరు వస్తారని.

"వచ్చేది మనిషి గాదు పెద్దమ్మా. మాట వస్తాది. యాడో కూర్చోని టైపు చేస్తే, ఈడ మన సర్వరు ముందర కూర్చున్నట్టే. అంత దూరం నుంచి రావాల్సిన పన్లేదు."

"మళ్ళా ఎప్పుడు పోతారు?"

"పనైపోతానే పోతారు."

"పోయేటప్పుడు చెప్పి పోతారా?"

"లాగౌట్ అని చెప్పే పోతారు."

అయితే మంచివాళ్ళేనని నా మనసు కుదుటపడింది. నా అనుభవంలో చాలామంది అలా చెప్పి వెళ్ళలేదు.

మర్నాడు మంజు శాలువా కప్పుకుని ఆ చల్లని గదిలో కూర్చుంది. ఏదో ఒక ప్రోగ్రామును ఎక్కించింది, దాన్ని నడిపించింది, లోపలికి ఎవరెవరు రావచ్చో పేర్లు రాసింది. మధ్యాహ్నం భోజనానికి ముందే సేవ నెలకొల్పబడింది. పరంధామయ్య గారు ఈ వార్త విని నొచ్చుకున్నారు. ఇంత పెద్ద సేవ ఒక పూటలో నెలకొల్పబడటం కార్యాలయ గౌరవానికి తగదని, మార్చి దాకా ఈ సంగతి బయట పెట్టవద్దని ఆదేశించారు. అయితే పరీక్షించి చూడవచ్చునన్నారు.

పరీక్ష కోసం హాలులోని కంప్యూటరు ముందు కేశవులు కూర్చున్నాడు. సర్వరు గోడకు అటు పక్క ఉంది. నేను మజ్జిగ గ్లాసులు తీసుకుపోయిన వంకతో గుమ్మంలో నిలబడ్డాను. కేశవులు ఏదో కొట్టాడు. తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది. మంజు దాన్ని తెలుగులో చెప్పింది: "నువ్వు చేరబోయే యంత్రం అసలుదేనని నేను రుజువు చేయలేకపోతున్నాను. అయినా కొనసాగించమంటావా? అవునా, కాదా?"

కొత్త చోటికి మొదటిసారి పోయేటప్పుడు ఇలాగే అడుగుతుందని, అవునంటే మళ్ళీ అడగదని కేశవులు చెప్పి, అవును అని కొట్టబోయాడు. పరంధామయ్య గారు అతని మణికట్టు పట్టుకున్నారు.

"రుజువు కాలేదని అదే రాతపూర్వకంగా తెలియజేస్తోంది. రుజువు కాని విషయానికి ఒక ప్రభుత్వ ఉద్యోగి అవునని ఎలా అంటాడు? రేపు విచారణ వస్తే ఏమని చెబుతావు?"

"సార్, అది పక్క గదిలోనే ఉండాది. ఆ గోడవతల. మనమే గదా పెట్టినాము."

"మనకు తెలియడం వేరు, రుజువు కావడం వేరు."

వీరనారాయణప్ప గారు ఈ మాటకు తల ఊపారు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆయన కాగితం మీద అవునని గానీ కాదని గానీ ఎన్నడూ రాయలేదు. చర్చించవలెను అని రాశారు, పరిశీలనలో ఉన్నది అని రాశారు, ఒకసారి తొందరపడి చూచితిని అని కూడా రాశారు. అందుకే ఆయన మీద ఇంతవరకు ఒక్క మచ్చ లేదు.

ఫైలు తయారయి ప్రధాన కార్యాలయానికి వెళ్ళింది. ఫైలు తిరిగి వచ్చేదాకా కంప్యూటరును ఆపరాదని నిర్ణయించారు, ఆపితే ప్రశ్న పోతుంది, ప్రశ్న పోతే ఫైలు దేని గురించో తెలియకుండా పోతుంది. ఖాసీంవలి దాని చుట్టూ నాలుగు కుర్చీలు పెట్టి తాడు కట్టాడు. రోజూ ఉదయం దుమ్ము దులిపేటప్పుడు మీటలు తగలకుండా నెమలీకతో తుడిచేవాడు. తెర మీద ఆ ప్రశ్న అలాగే ఉండేది.

మార్చి మధ్యలో జవాబు వచ్చింది. "సదరు విషయమును సానుకూల దృక్పథముతో పరిశీలించవచ్చును."

ఇంతకీ ఇది అవునేనా అని కేశవులు అడిగాడు. అవును కన్నా ఇది చాలా ఉన్నతమైనదని పరంధామయ్య గారు చెప్పి, జవాబును అక్షరం పొల్లుపోకుండా టైపు చేయించారు. యంత్రం మళ్ళీ అడిగింది: అవునా, కాదా, రెండింటిలో ఒకటి చెప్పండి. పరిశీలనలో ఉన్నది అని కొట్టించారు. అవునా, కాదా, అంది. తాత్కాలికంగా అవును, ఉన్నతాధికారుల తుది ఉత్తర్వులకు లోబడి, అని కొట్టించారు. దానికీ అదే మాట.

పరంధామయ్య గారు కుర్చీలో కూలబడ్డారు. ఖాసీంవలి నీళ్ళు తెచ్చాడు. ఇంత మొండి దాన్ని తన సర్వీసులో చూడలేదని ఆయన అన్నారు. ఆ సాయంత్రమే సర్వరు పేరు మీద ఒక మెమో తయారయింది. ఉన్నతాధికారుల భాషను తిరస్కరించినందుకు దాని మీద ఎందుకు చర్య తీసుకోరాదో వారం లోపల సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. దాన్ని మా సామాన్ల గది తలుపుకు అంటించారు. వారం గడిచింది. సర్వరు ఏమీ చెప్పలేదు. చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించడమైనది అని వీరనారాయణప్ప గారు కింద రాశారు.

నెలాఖరు ముంచుకొచ్చింది. బాధ్యుల పేరు పంపాల్సి వస్తుందేమోనని అందరికీ నిద్ర పట్టలేదు. చివరికి దారి చూపింది వీరనారాయణప్ప గారే. అవును అనే మాటకు ఇంగ్లీషులో మూడు అక్షరాలు కదా, ముగ్గురు సభ్యులతో ఒక సంఘం వేసి, తలా ఒక అక్షరం కొడితే, ఏ ఒక్కరూ అవునని అన్నట్టు కాదు గదా అన్నారు. ఈ ఆలోచనకు పరంధామయ్య గారు చప్పట్లు కొట్టబోయి హోదా గుర్తొచ్చి మానుకున్నారు.

రాహుకాలం పోయాక టెంకాయ కొట్టి, మొదటి అక్షరం అధికారి, రెండో అక్షరం సూపరింటెండెంటు, మూడో అక్షరం కేశవులు కొట్టారు. ఆఖరున ఎంటరు మీట ఎవరు నొక్కాలన్న ప్రశ్న వచ్చింది. నియమావళిని తిరగేసి, ఎంటరు నొక్కడం గుమాస్తా స్థాయి పని అని తేల్చి, మంజు చేత నొక్కించారు. దూర ప్రవేశ సేవ ప్రారంభమయింది. వాకిట్లో పేడ అలికి వేసిన ముగ్గు మధ్యలో నిలబడి అందరూ ఫొటో దిగారు. సర్వరు గదిలోనే ఉండటం వల్ల ఫొటోలో పడలేదు.

కథ అక్కడితో అయిపోయి ఉంటే మేడ మీద పెద్ద కుక్కరు కూస్తూనే ఉండేది.

ఏప్రిల్‌లో పై నుంచి అడిగారు, సేవను ఎంతమంది వాడారు, ఎంత దూరం నుంచి వాడారు అని. ఎవరూ వాడలేదు. ఊళ్ళలో వాన కొలిచే వాళ్ళకు కంప్యూటర్లు లేవు. వాళ్ళు చీటీలు రాసి కండక్టరుకే ఇస్తున్నారు. ఆఫీసు మనుషులేమో అందరూ ఆఫీసులోనే ఉన్నారు. వాళ్ళే హాలులో కూర్చుని, గోడవతల ఉన్న సర్వరులోకి దూర ప్రవేశం చేసి, దూరం పన్నెండు అడుగులు అని పంపారు. అది తిరిగి వచ్చింది. దూరం చాలలేదు అని ఎర్ర సిరాతో రాసి ఉంది.

కంప్యూటరును హాలు చివరికి జరిపారు. తర్వాత వరండాలోకి, అక్కడి నుంచి మా పెరట్లోకి. నా బట్టలుతికే బండ మీద కంప్యూటరు, దాని మీద గొడుగు, గొడుగు కింద వీరనారాయణప్ప గారు. కేశవులు టేపు పట్టి కొలిచాడు. ఆ నాలుగు రోజులూ నేను బట్టలు ఉతకలేదు. మళ్ళీ వచ్చింది ఎర్ర సిరా. ఈసారి నిర్వచనం కూడా పంపారు: "దూరము అనగా నూరు కిలోమీటర్లకు తక్కువ కానిది. సేవ వినియోగింపబడని యెడల అందుకు బాధ్యులైన వారి పేరు..."

పరంధామయ్య గారు అందరినీ పిలిచి కూర్చోబెట్టారు. నేను కిటికీ దగ్గరికి పీట లాక్కున్నాను.

"సేవ ఉన్నది. ప్రవేశం ఉన్నది. లోపించినది దూరం ఒక్కటే," అన్నారాయన. "దానిని మనమే సమకూర్చుకోవలసి ఉన్నది. కార్యాలయం తరఫున ఒకరు దూరంగా ఉండాలి."

వీరనారాయణప్ప గారు వెంటనే మోకాళ్ళు పట్టుకున్నారు. ఖాసీంవలి దూరంగా ఉంటే చీటీలు తెచ్చేవాళ్ళు లేరు. అధికారి దూరంగా ఉంటే కార్యాలయమే ఉండదు. ఆయన చూపు మెల్లగా తిరిగి, పక్కపక్కన కూర్చున్న మంజు, కేశవులు మీద ఆగింది.

"న్యాయంగా ఆలోచిద్దాం," అన్నారు. "ఈ కార్యాలయంలో దగ్గరతనం అధికంగా ఉన్నది మీ ఇద్దరి వద్దే. దూరం తీయవలసి వస్తే మిగులు ఉన్న చోటు నుంచే తీయాలి."

కేశవులు లేచి నిలబడ్డాడు. "సార్, దూరంగా ఉండేవాళ్ళ కోసరం గదా ఈ సేవ పెట్టింది?"

"అవును. అందుకే మిమ్మల్ని దూరంగా ఉంచుతున్నాం."

"ఆరేళ్ళు ఉన్న్యాము సార్. ఆ దూరం లెక్కలోకి రాదా?"

ఆయన నిజంగానే ఆలోచించారు. చెడ్డమనిషి కాడు. అప్పటికి సర్వరు లేదు గనుక పాత దూరాన్ని పరిగణించే వీలు లేదని బాధపడుతూ చెప్పారు.

నాకు ఉండబట్టలేదు. కిటికీలోంచే అన్నాను, "నేను పోతా సార్ దూరానికి. నాకు యాడున్నా ఒకటే."

"బయటి వ్యక్తులు దూరానికి అనర్హులమ్మా," అన్నారాయన, కిటికీ వైపు మర్యాదగా తిరిగి. "దూరంగా ఉండటానికి కూడా అర్హతలు ఉంటాయి."

మంజు ముడిలోంచి జారిన కనకాంబరాలు తీసి బల్ల మీద ఒక వరసలో పెడుతూ కూర్చుంది.

కేశవులును నల్లకనుమకు వేశారు. మూడు బస్సులు మారి, అడవిలో కొంత నడిచి చేరాలి. బస్టాండుకు నేనూ వెళ్ళాను. మంజు పరుగెత్తి కిటికీలోంచి తువ్వాలు విసిరి అతనికి సీటు పట్టింది. ఇద్దరూ ఆ కిటికీకి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. బస్సు కదిలాక కేశవులు తల బయట పెట్టి, "మోటరు ఆపినావా?" అని అడిగాడు.

ఎప్పుడూ ఇంతే. మా చెల్లెలు రైలు కదులుతుంటే గొడుగు సంగతి అడిగింది. మా ఆయన ఆసుపత్రి బండి ఎక్కుతూ పాలు పొయ్యి మీద ఉన్నాయని చెప్పాడు. ఆఖరి మాట అదేనని ముందే తెలిస్తే ఎవరైనా ఇంకొంచెం మంచి మాట వెతుక్కునేవారేమో.

మంజు ఆపినానని తల ఊపింది. ఇంటికొచ్చి చూస్తే మేడ మీది తొట్టి పొంగి మెట్ల మీదుగా నీళ్ళు కారుతున్నాయి.

నల్లకనుమలో ఒక బండరాయి మీద తప్ప సిగ్నలు లేదు. ఉదయం పది గంటలకు కేశవులు ఆ బండ ఎక్కి ఫోన్లోంచి దూర ప్రవేశం చేసేవాడు. ఇక్కడ మంజు ముందున్న తెర మీద అతని పేరు పడేది. వచ్చినది అతనేనని, దూరంగానే ఉన్నాడని ఆమె రోజూ ధ్రువీకరించాలి. భార్యాభర్తలు గనుక ప్రభుత్వ యంత్రం ద్వారా సొంత మాటలు మాట్లాడుకుంటారేమోనని, గమనించడానికి వీరనారాయణప్ప గారిని ఆమె పక్కన కూర్చోబెట్టారు. కేశవులు రోజూ ఒకటే టైపు చేసేవాడు: వాన లేదు. తర్వాత వెళ్ళిపోయేవాడు.

వీరనారాయణప్ప గారు తన నివేదికలో ఇలా రాశారట: "అభ్యంతరకరమైన సంభాషణ ఏదియు కానరాలేదు. అయితే వాన లేదు అను వాక్యము చదివినపుడు సదరు ఉద్యోగిని కళ్ళు తుడుచుకొనుచున్నది. ఏసీ చలికి కావచ్చును."

సాయంత్రాలు మంజు చిన్న కుక్కరు దించుకుంది.

జూన్‌లో ప్రధాన కార్యాలయం నుంచి సంచాలకులు గారు వచ్చారు. సర్వరు ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళారు. పది గంటలకు తెర మీద కేశవులు పేరు పడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఎంత దూరం అని అడిగారు. నూట నలభై అన్నారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్ని ఆఫీసులు తిరిగాను, ఇంత నాణ్యమైన దూరాన్ని ఎక్కడా చూడలేదన్నారు. ఆ తర్వాత కళ్ళజోడు పెట్టుకుని అన్నారు:

"ఒక్కరు దూరంగా ఉంటేనే ఇంత ప్రగతి కదా. అందరూ దూరంగా ఉంటే?"

పరంధామయ్య గారి చేతిలోని పూలదండ అప్పుడే కింద పడింది.

ఉత్తర్వులు పది రోజుల్లో వచ్చాయి. సిబ్బంది యావత్తూ సర్వరుకు నూరు కిలోమీటర్లకు తక్కువ కాని దూరంలో ఉండవలెను. ఒకే దిక్కున ఇద్దరు ఉండరాదు, ఉంటే దూరం వృథా అగును. కేశవులు అప్పటికే పడమట ఉన్నాడు గనుక మంజును తూర్పున నూట డెబ్బై కిలోమీటర్ల అవతల ఉప్పుమిట్టకు వేశారు. పరంధామయ్య గారు దక్షిణానికి, మోకాళ్ళతో సహా వీరనారాయణప్ప గారు ఉత్తరానికి వెళ్ళారు. ఖాసీంవలికి ఇంకే దిక్కూ మిగలక ఈశాన్యం ఇచ్చారు. వెళ్ళేముందు అతను నా దగ్గరికొచ్చి, సైకిలు ఇక్కడే పెట్టిపోతానని, వారానికోసారి గాలి కొట్టించమని చెప్పి పోయాడు.

మంజు మెట్ల మీద కూర్చుని వేళ్ళు ముడుస్తూ లెక్క వేసింది. "ఆయప్ప అట్ల పాయె, నేనిట్ల పోతే, ఇద్దరి మధ్య మున్నూరు కిలోమీటర్లు దాటిపాయె పెద్దమ్మా. ముందరి ఆరేళ్ళూ ఇంత లేదు."

ఆమెను బస్సు ఎక్కించి వచ్చాను. ఈసారి మోటరు నేనే ఆపి వెళ్ళాను.

ఆఫీసుకు తాళం పడింది. బోర్డు ఉంది. సర్వరు ఉంది. ఏసీ తిరుగుతూ ఉంది. అప్పుడు ప్రధాన కార్యాలయానికి ఒక సందేహం వచ్చింది. అందరూ దూరంగా ఉన్నారు సరే, అక్కడ ఎవరూ లేరని ఎవరు చెప్పాలి? దూరమునకు ఒక దగ్గర ఉండవలెను గదా అని ఆలోచించి, ఇంటి యజమానురాలినైన నన్ను 'సమీప వ్యక్తి'గా నియమించారు. జీతం లేదు, గౌరవ పదవి. రోజూ పదిన్నరకు ప్రధాన కార్యాలయం నుంచి ఒకాయన ఫోన్ చేస్తాడు. సర్వరు దగ్గర సిబ్బంది ఎవరూ లేరని నేను ధ్రువీకరించాలి.

"ఎవరూ లేరు సార్," అనేదాన్ని.

"ధన్యవాదములు. రేపు కూడా ఇలాగే," అనేవాడు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చునేదాన్ని. ఇల్లు ఖాళీ కావడం నాకు కొత్త కాదు. రోజూ ఒక మనిషికి దాన్ని నోటితో చెప్పడం కొత్త.

శ్రావణం మొదట్లో ఒక మధ్యాహ్నం ఆటో ఆగింది. మంజు బ్యాగుతో దిగింది. నేను కంగారుపడి గేటు వేసి, ఎవరైనా చూశారేమోనని వీధి అటూ ఇటూ చూశాను. నూరు కిలోమీటర్ల లోపలికి వచ్చేశావు, ఉద్యోగం పోతుందమ్మా అన్నాను.

మంజు నిమ్మళంగా చెంబు నీళ్ళు తాగి కూర్చుంది.

"ఉప్పుమిట్టలో వాన కొలిచేది ఆ ఊరి ఆయప్పే. నాకు ఫోన్లో చెప్తాడు. నేను సర్వరులోకి పోయి రాస్తా. ఆయప్ప నా మొగం కూడా చూడలేదు. దానికి నేను ఉప్పుమిట్టలో ఉంటే ఏమి, ఊటీలో ఉంటే ఏమి? నేను యాడైనా ఉండొచ్చు పెద్దమ్మా. ఒక్క ఈ ఇంట్లో తప్ప."

"అదే నేను చెప్తాండేది."

"అందుకే నన్ను ఈడ ఎవరూ వెతకరు," అంది మంజు.

నేను ఆ మాట చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. ఎక్కడా కంత కనబడలేదు.

"మరి కేశవులు?"

"నల్లకనుమ బండ దిగినాడు. ఆడి వాన సంగతి రోజూ బండెక్కి ఫోన్లో చెప్పేదానికి ఊరి మనిషి ఒకడు ఒప్పుకున్నాడు. ఎల్లుండికి చేరుకుంటాడు." నా వైపు చూడకుండా అంది, "మేము ఈడ ఉండామని చెప్పగలిగింది లోకంలో నువ్వు ఒక్కదానివే. నీకు భయమైతే చెప్పు, ఇప్పుడే పోతా."

భయమా? నాకు భయం లేని రోజు ఏది? పాలవాడు ఆలస్యమైతే భయం, ఫోన్ మోగితే భయం, మోగకపోయినా భయం. ఆ రాత్రంతా మంచం మీద లేచి కూర్చుంటూ, పడుకుంటూ ఉన్నాను. ప్రభుత్వానికి అబద్ధం చెబితే ఏమి చేస్తారో ఏ పొట్లం మీదా నేను చదవలేదు.

చెప్పినట్టే కేశవులు వచ్చాడు. గడ్డం పెరిగి, చెప్పులకు అడవి మన్నుతో. మంజు మేడ మెట్ల మీద నిలబడింది. ఆరేళ్ళు, మళ్ళీ ఇన్ని నెలలు, ఏమంటుందోనని నేను వంటింట్లోంచి చెవి పెట్టాను. "చెప్పులు బయట ఇడువు," అంది. తిరిగి వచ్చినప్పుడు కూడా మాటలు ఇలాగే ఉంటాయని నాకు అంతవరకు తెలియదు. చూసే అవకాశం రాలేదు.

మర్నాడు పదింటికి ఇద్దరూ మేడ మీద పక్కపక్కన కూర్చుని, ఫోన్లలోంచి, కాళ్ళ కింద ఉన్న సర్వరులోకి ప్రవేశించి, ఒకరు పడమట వాన లేదని, ఒకరు తూర్పున చినుకులు పడ్డాయని రాశారు. పదిన్నరకు నా ఫోన్ మోగింది.

"సమీప వ్యక్తి గారా? సర్వరుకు నూరు కిలోమీటర్ల లోపల సిబ్బంది ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు సార్."

"ధ్రువీకరిస్తున్నారా?"

"ధ్రువీకరిస్తాండా."

సరిగ్గా అప్పుడే మేడ మీద మంజు చట్నీకి మిక్సీ వేసింది. కేశవులు ఏదో అన్నాడు, ఆమె పకపకా నవ్వింది.

అటువైపు ఆయనకూ వినబడింది. "ఏదో శబ్దం వినిపిస్తోందమ్మా."

ఇంత వయసులో జైలుకు పోతే మాత్రలు ఎవరు అందిస్తారని అనుకున్నాను.

"సర్వరు సార్," అన్నాను. "అంతమంది దూరం నుంచి లోపలికి వస్తాండారు గదా. దానికి పని ఎక్కువైంది."

"అలాగా," అన్నాడాయన. గొంతులో సంతోషం తెలిసింది. "అయితే సేవ వినియోగం గణనీయంగా పెరిగినదని రాసుకోవచ్చునా?"

"రాసుకోండి సార్."

"మీకు అక్కడ ఒంటరిగా ఏమీ ఇబ్బంది లేదు కదా?"

"ఏమీ లేదు సార్," అన్నాను. ఆ ఫోన్లో ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.

ఫోన్ పెట్టేసి చెమట తుడుచుకుంటుంటే పై నుంచి మంజు పిలిచింది. "పెద్దమ్మా, దోసె పెనం మీద ఉండాది. పైకి వస్తావా, కిందికి తెచ్చేదా?"

మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. అయినా నేనే వస్తున్నానని చెప్పి మెట్లు ఎక్కాను. ఎంత మెల్లగా ఎక్కినా, అది నూరు కిలోమీటర్ల లోపే.